వంచి కొడితే స్టార్టయ్యేది

2022 జూలైలో కరెంటు స్కూటర్ కొనుక్కుని ఇంటికొస్తూ, విద్యానగర్ మూల మీద మా మెకానిక్ భాయ్ దుకాణం ముందు ఆపాను. ఆయన బయటికొచ్చి చేతులకున్న నూనె గుడ్డకు తుడుచుకుని బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. సైలెన్సర్ ఉండాల్సిన చోట వంగి చూశాడు. కిక్కు కోసం వెతికాడు. ప్లగ్గు ఎక్కడని అడగబోయి ఊరుకున్నాడు. చివరికి, "టీచరమ్మా, పొద్దుగాల స్టార్ట్ కాకుంటే దీన్ని ఏ పక్కకు వంచాలె?" అన్నాడు.

అక్కడ గాలి పెట్టించుకుంటున్న కుర్రాళ్లకు ఆ మాట అర్థం కాలేదు. మేమిద్దరం మాత్రం చాలాసేపు నవ్వుకున్నాం.

వంచడమంటే ఏమిటో చేతక్ తోలిన ఇంట్లో ఎవరికైనా తెలుసు. రాత్రంతా చలిలో ఉన్న బండి పొద్దున్నే పదిసార్లు కిక్కు కొట్టినా పలికేది కాదు. అప్పుడు దాన్ని హ్యాండిలూ సీటూ పట్టుకుని నేలకు తగులుతుందేమో అన్నంతగా పక్కకు వంచి, నాలుగు గుటకల పెట్రోలు కార్బొరేటర్‌లోకి దిగిందనుకున్నాక నిలబెట్టి, ఒక్క తన్ను తన్నాలి. తెల్లటి పొగతో లేచేది. వీధిలో ఏ ఇంటాయన ఆఫీసుకు ఎన్నింటికి బయల్దేరాడో ఆ చప్పుడే చెప్పేది. మా ఆయన బండిని ఎన్నోసార్లు నేనే వంచాను, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని. అలా వంచాలని కంపెనీ పుస్తకంలో ఎక్కడా రాసిలేదు. ఎవరో ఎవరికో చూపించారు, ఊరంతా నేర్చుకుంది.

నేను లెక్కల టీచర్ని. 1986లో ఉప్పల్ దగ్గరి సర్కారు బడిలో చేరాను. యాభై ఎనిమిదికి ఇంటికి పంపాల్సింది, 2021లో ప్రభుత్వం అరవై ఒకటికి పెంచడంతో 2024 దాకా అదే దారిలో తిరిగాను. నల్లకుంట, శివం రోడ్డు, అంబర్‌పేట, రామంతాపూర్, ఉప్పల్. పోనూ రానూ దాదాపు పద్దెనిమిది కిలోమీటర్లు. మొదటి బండి కొన్న రోజు నుంచీ ఒక నోటు పుస్తకం పెట్టాను. పోయించిన ప్రతి లీటరూ, మార్చిన ప్రతి ప్లగ్గూ అందులో ఉంటుంది. పెట్రోలు ధర ఒక్క అంకెలో ఉండగా మొదలైన పుస్తకం అది. 1990లో గల్ఫ్ గొడవ వచ్చినప్పుడు రెండంకెలకు మారింది. 2021 జూన్‌లో హైదరాబాద్‌లో వంద దాటి మూడంకెలైంది. ఆ రోజు నేను పుస్తకంలో గడి వెడల్పు చేయాల్సి వచ్చింది.

కరెంటు బండి కొన్నాక స్టాఫ్ రూములో, మెట్ల మీద, పెళ్లిళ్లలో, ఎవరెదురైనా ఒకటే ప్రశ్న: "రోజూ తిరగడానికి పనికొస్తుందా?" ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. లూనా కొన్నప్పుడు మా అత్తగారు ఇదే అడిగారు. ఆవిడ కంటే ముందు మా అమ్మ, నాన్న సైకిల్ గురించి అడిగే ఉంటుంది.

నాన్న అల్విన్‌లో పని చేసేవారు. హైదరాబాద్ అల్విన్ మెటల్ వర్క్స్, నిజాం కాలంలో 1942లో పెట్టిన కంపెనీ. ఇనుప బీరువాలు, ఫ్రిజ్‌లు, తర్వాత వాచీలు. ఆయన ఉన్నది బస్సు బాడీలు కట్టే సెక్షన్‌లో. నల్లకుంట నుంచి ట్యాంక్‌బండ్, బేగంపేట మీదుగా సనత్‌నగర్ దాకా సైకిలే. రోజుకు పాతిక కిలోమీటర్లకు తక్కువ కాదు. హ్యాండిల్‌కు టిఫిన్ క్యారియర్, వెనక మడ్‌గార్డుకు మున్సిపాలిటీ బిళ్ల, ముందు చక్రానికి డైనమో. చీకటిపడ్డాక లైటు లేకుండా దొరికితే పోలీసాయన గాలి తీసేసేవాడని నాన్న చెప్పేవారు. డైనమో రుద్దుకుంటుంటే తొక్కడం బరువెక్కేది. అందుకని పోలీసు లేని చోట దాన్ని పక్కకు నెట్టేసేవారట. నెలనెలా జీతంలో సైకిల్‌కు పోయేదెంత? పంక్చర్లు, రెండు మూడు నెలలకోసారి బ్రేకు రబ్బర్లు, ఎప్పుడైనా చైను. ఇప్పటివరకూ నా పుస్తకంలోకెక్కిన ఏ బండీ ఆ లెక్కకు సాటి రాలేదు.

విచిత్రమేమిటంటే నాన్న కంపెనీయే స్కూటర్ కూడా చేసింది. డెబ్భైల చివర్లో అల్విన్ పుష్పక్ అని వచ్చింది. అప్పటికి లక్నోలో స్కూటర్స్ ఇండియా అనే కేంద్ర ప్రభుత్వ కంపెనీ ఉంది. ఇటలీలో ఇన్నొచెంటి వాళ్ల లాంబ్రెట్టా యంత్రాలను మొత్తంగా కొని 1972లో మొదలుపెట్టారు. లక్నో నుంచి ఇంజన్లు తెచ్చుకుని కొన్ని రాష్ట్రాలు తమ తమ పేర్లతో స్కూటర్లు చేసుకున్నాయి. మనది పుష్పక్. పేరు రామాయణం నుంచి, ఇంజన్ లక్నో నుంచి, ఆ ఇంజన్ పుట్టిల్లు మిలాన్. కానీ అప్పట్లో అల్లుళ్లు అడిగింది బజాజ్‌నే.

అవును, అల్లుళ్లే. ఆ రోజుల్లో స్కూటర్‌ను కొనడమనే మాట లేదు, బుక్ చేయడమే. 1960 నాటి కంట్రోల్ ఆర్డర్ ప్రకారం స్కూటర్లు ఎవరికి, ఏ వరుసలో ఇవ్వాలో ప్రభుత్వం చూసేది. సర్కారు ఉద్యోగులకు కోటా. విదేశీ మారకం పంపగలిగే చుట్టముంటే వరుస తప్పించుకునే వీలు. మిగిలినవాళ్లు డిపాజిట్ కట్టి కాగితం పెట్టెలో దాచుకోవాలి. నాన్న 1974లో బజాజ్ బుక్ చేశారు. వంతు వచ్చింది 1983లో. తొమ్మిదేళ్లు. నేను ఐదో తరగతిలో ఉండగా కాగితం వచ్చింది, డిగ్రీలో ఉండగా బండి వచ్చింది. సరిగ్గా ఆ ఏడే మా అక్క పెళ్లి. లాంఛనాల్లో స్కూటర్ అన్నారు. షోరూము నుంచి బండి తిన్నగా బావగారింటికి వెళ్లింది. నాన్న దాన్ని షోరూము గేటు దాకా నడిపారు, అంతే. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే క్యారియర్ తగిలించుకుని సైకిలెక్కారు. రిటైరయ్యేదాకా అదే. ఆ స్కూటర్ కట్నంలో భాగమని అప్పుడు ఎవరూ అనలేదు. 'ముచ్చట' అన్నారు.

ఆ అనుభవం నాలో ఎక్కడో ఉండిపోయింది. ఉద్యోగం వచ్చిన నెలలోనే, ఎవరి ముచ్చటకూ పనికిరాని బండి ఒకటి కొన్నాను. లూనా.

లూనా 1972లో వచ్చింది. పుణే కైనెటిక్ వాళ్లది, యాభై సీసీ. సైకిల్ పెడల్సే ఉంటాయి, నాలుగు తొక్కులు తొక్కితే ఇంజన్ అందుకుంటుంది. చీర కట్టుకుని ఎక్కడానికి మధ్యలో అడ్డంగా ట్యాంకు లేదు. మోయడానికి బరువు లేదు. మగవాళ్లు దాన్ని బండిగా లెక్కపెట్టేవాళ్లు కాదు కాబట్టి ఆడవాళ్లు తోలుతుంటే అడ్డం కూడా చెప్పలేదు. నా వరకు ఆ బండికి దొరికిన పెద్ద లైసెన్సు ఆ చిన్నచూపే. మా బడిలో పదకొండు మంది ఆడ టీచర్లం ఉంటే, 1990 నాటికి ఆరుగురికి లూనాయో టీవీఎస్ ఫిఫ్టీయో వచ్చేసింది. అంతకుముందు అంబర్‌పేటలో బస్సు తప్పితే ఫస్ట్ పీరియడ్ తప్పినట్టే.

మా అత్తగారు అడిగిన ప్రశ్నకు జవాబు లూనా చెప్పలేదు, భాయ్ చెప్పాడు. అప్పటికి ఆయనకు ఇరవై రెండో ఇరవై మూడో. సైకిల్ పంక్చర్ల దుకాణంలో పని నేర్చుకుని, అక్కడే ఒక మూల స్పానర్ల డబ్బా పెట్టుకున్నాడు. అతని చేతిలో పని చూడాలి. బండి దారిలో టపటపమని ఆగిపోతే పెడల్ తొక్కుతూ దుకాణం దాకా వచ్చేదాన్ని. అతను ఏమీ అడిగేవాడు కాదు. ప్లగ్గు క్యాప్ పీకి, పానా పెట్టి ప్లగ్గు విప్పి, వెలుతురుకు పట్టుకుని చూసేవాడు. నల్లగా తడిగా ఉంటే "ఆయిల్ ఎక్కువైంది", తెల్లగా పొడిగా ఉంటే "తక్కువైంది". టూ స్ట్రోక్ కదా, పెట్రోల్లోనే ఆయిల్ కలపాలి. బంకులో కుర్రాడి చెయ్యి ఎంత వంగితే అంత. తర్వాత గరుకు కాగితం ముక్కతో ప్లగ్గు మొన గీకి, నోటితో ఊది, రెండు మొనల మధ్య సందు గోటితో చూసుకుని, బిగించేవాడు. ఐదు నిమిషాలు, రెండు రూపాయలు. ఒక్కోసారి ఆ రెండు రూపాయలూ కూడా "కల్ దేఖేంగే" అనేవాడు.

నెలకు రెండుసార్లయినా ఈ తతంగం ఉండేది. అయినా మాలో ఎవరూ ఆ బండి రోజూ తిరగడానికి పనికిరాదనలేదు. ఎందుకంటే నల్లకుంట నుంచి ఉప్పల్ దాకా ఆ ప్లగ్గు గీకడం తెలిసిన చేతులు ఆరు చోట్ల ఉన్నాయి. శివం రోడ్డులో ఒకటి, అంబర్‌పేటలో రెండు, రామంతాపూర్ చెరువు దాటాక ఒకటి... నాకు బంకులకంటే ఆ దుకాణాలే బాగా గుర్తు. బండి చెడదా అని ఎవరూ చూసుకోరు. చెడినచోట ఎవరున్నారనేదే చూసుకుంటారు. నలభై ఏళ్ల పుస్తకం తిరగేస్తే నాకు తేలిందిదే.

తర్వాతి బండ్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. 1993లో కైనెటిక్ హోండా. బటన్ నొక్కితే స్టార్టు, గేర్లు లేవు. మొదటి నెల భాయ్ దాని బెల్టు డబ్బా విప్పడానికి భయపడ్డాడు, రెండో నెల విప్పాడు, ఆరో నెలకు ఇంకొకరికి నేర్పాడు. 2000 తర్వాత పొగ నిబంధనలు బిగుసుకుని టూ స్ట్రోక్‌లు వెనకపడ్డాయి. 2001లో హోండా వాళ్ల యాక్టివా వచ్చి, పదేళ్లలో మా వీధి మొత్తం ఒకే బండి అయిపోయింది. 2009 చివర్లో బజాజ్ స్కూటర్లే మానేస్తున్నామని ప్రకటించింది. తొమ్మిదేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్న బండి పేరు షోరూములోంచి అలా వెళ్లిపోయింది. అల్విన్ అంతకు ముందే, తొంభైల్లోనే ముక్కలైంది. ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కు వెళ్లింది. నాన్న ఆ వార్త ఈనాడులో చదివి, పేపరు మడిచి, సైకిల్ తుడవడానికి వెళ్లారు. ఆయన సెక్షన్‌లో బాడీలు కట్టిన డబుల్ డెక్కర్లు కూడా కొన్నాళ్లకు రోడ్డు మీంచి పోయాయి. 2023 ఫిబ్రవరిలో ట్యాంక్‌బండ్ మీద మళ్లీ డబుల్ డెక్కర్ వెళ్తుంటే చూశాను. ఈసారి కరెంటుది. చూడటానికి నాన్న లేరు.

ఇప్పుడు మొదటి కరెంటు బండి కథ. 2022ది కాదు, 2008ది. చాలామంది మరిచిపోయారు గానీ, అప్పుడూ ఒక అల వచ్చింది. మోటారు 250 వాట్లకు మించకుండా, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా ఉంటే చట్టం దాన్ని మోటారు వాహనంగానే లెక్కపెట్టదు. రిజిస్ట్రేషన్ లేదు, లైసెన్స్ అక్కర్లేదు. ఆ సందులోంచి బోలెడు కంపెనీలు వచ్చాయి. ఎక్కువ భాగం చైనా సామాన్లు తెచ్చి ఇక్కడ బిగించినవి. మా అమ్మాయి అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం, కాలేజీ నారాయణగూడలో. పదహారేళ్ల పిల్లకు ఇంతకంటే ఏం కావాలని ఒకటి కొన్నాం. కంపెనీ పేరు అనవసరం, ఆ డీలరు దుకాణం కూడా ఇప్పుడు లేదు.

సీటు ఎత్తితే నాలుగు లెడ్ యాసిడ్ బ్యాటరీలు, ఒక్కోటి పన్నెండు వోల్టులు. ఇన్వర్టర్ బ్యాటరీకి చిన్న తమ్ముళ్లు. నాలుగూ కలిపి పాతిక కిలోల పైనే. రాత్రంతా ఛార్జింగ్. నలభై కిలోమీటర్లు వెళ్తుందన్నారు, మొదటి రెండు నెలలు వెళ్లింది కూడా. అమ్మాయి ఒక్కతే ఎక్కితే పరవాలేదు, వెనక స్నేహితురాలు ఎక్కిందంటే ఎత్తు రాగానే సైకిల్‌వాడు కూడా దాటిపోయేవాడు. లెడ్ యాసిడ్‌కు ఒక తిక్క ఉంది. పూర్తిగా ఖాళీ చేసి అలాగే వదిలేస్తే లోపల పలకల మీద సల్ఫేట్ పేరుకుని గట్టిపడుతుంది, తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా పట్టుకోదు. మా ఇంట్లో రోజూ జరిగింది అదే. అమ్మాయి అయిపోయేదాకా తోలేది, ఇంటికొచ్చి ప్లగ్గు పెట్టబోతే కరెంటు కోత. పద్నాలుగు నెలలకు ఆ బండి అడిక్‌మెట్ కూడా దాటడం మానేసింది.

భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన సీటు ఎత్తి చూసి, నాలుగు బ్యాటరీలను నాలుగు ఇటుకల్లా వరసగా చూసి, "ఇది నా పని కాదు టీచరమ్మా, బ్యాటరీలోళ్ల పని" అన్నాడు. రాంనగర్‌లో కారు బ్యాటరీలు చూసే అతనేమో "ఇది బండి పని" అన్నాడు. డీలరు కొత్త సెట్టు వేసుకోమన్నాడు, వారంటీ ఏడాదే. ఆఖరికి నాలుగింటినీ పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చేశాం. సీసం ధర బాగుందని అతను సంతోషించాడు. మిగిలిన డొల్ల మెట్లకింద లూనా పక్కన ఏళ్లపాటు ఉంది. 2010 నవంబర్‌లో కేంద్రం ఇలాంటి బండ్లకు నాలుగైదు వేల సబ్సిడీ మొదలుపెట్టి 2012 మార్చితో ఆపేసింది. సబ్సిడీతో పాటు దుకాణాలూ మూతపడ్డాయి. చట్టప్రకారం రోడ్డెక్కడానికి ఏ అడ్డూ లేని బండి, ఎక్కిన రోడ్డు మీద నిలబడలేకపోయింది. దాన్ని వంచి కొట్టడం తెలిసినవాడు ఊళ్లో ఒక్కడూ తయారు కాకముందే దాని కథ ముగిసింది.

అందుకే రెండోసారి కరెంటు బండి అన్నప్పుడు మా ఆయన ముఖం తిప్పుకున్నారు. ఈసారి సంగతి వేరు అని నాకు నేను నచ్చజెప్పుకోవడానికి ఏడాది పట్టింది. సీసం పోయి లిథియం వచ్చింది. అదే బరువులో మూడు నాలుగు రెట్ల శక్తి. లోపల వందల కొద్దీ చిన్న గుళికలు, వాటిని కాపలా కాసే ఒక సర్క్యూట్. ఏ గుళిక వేడెక్కిందో, ఏది నిండిందో చూస్తూ ఉంటుంది. బెంగళూరులో ఏథర్ వాళ్లు 2018లో వేగంగా పోయే స్కూటర్ తెచ్చారు. 2020 జనవరిలో చేతక్ పేరు తిరిగొచ్చింది, కరెంటుతో. అదే నెలలో టీవీఎస్ ఐక్యూబ్. 2021 ఆగస్టు పదిహేనున ఓలా. తర్వాత, 2024 ఫిబ్రవరిలో, నా లూనా కూడా ఈ-లూనాగా వచ్చింది. నా జీవితంలో తోలినవన్నీ చనిపోయి కరెంటు జన్మ ఎత్తుతున్నాయా అనిపించింది.

ఇవి పాతవాటిలా చట్టం సందులోంచి దూరి వచ్చినవి కావు. రిజిస్ట్రేషన్ ఉంది, లైసెన్స్ కావాలి, ఇన్సూరెన్స్, హెల్మెట్ అన్నీ ఉన్నాయి. ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అంకెలు. తెలంగాణ 2020 విధానంలో మొదటి రెండు లక్షల టూ వీలర్లకు రోడ్డు టాక్స్ తీసేశారు, 2024 నవంబర్‌లో ఆ రెండు లక్షల గీత కూడా చెరిపేశారు. కేంద్రం సబ్సిడీ అప్పటికి కిలోవాట్ అవర్‌కు పదిహేను వేలు. నా బండి బ్యాటరీ మూడు కిలోవాట్ అవర్లు, అంటే నలభై ఐదు వేలు తగ్గింది. మా సైన్స్ టీచర్ 'చూద్దాంలే' అని 2023 జూన్ దాకా ఆగింది. జూన్ ఒకటి నుంచి సబ్సిడీ కోసేశారు. ఆవిడ ఇప్పటికీ నన్ను చూస్తే ఆ తేదీ గుర్తుచేస్తుంది, నేనే కోసినట్టు.

ఇక లెక్క. 2022లో పెట్రోలు 109 రూపాయల 66 పైసలు. నా యాక్టివా ఊళ్లో లీటరుకు నలభై ఇచ్చేది. బడికి పోయి రావడానికి సుమారు నలభై తొమ్మిది రూపాయలు. కొత్త బండి పూర్తి ఛార్జింగ్‌కు గోడ నుంచి మూడున్నర యూనిట్లు లాగి, ఎనభై ఐదు కిలోమీటర్లు ఇచ్చింది. కాగితం మీద ఇంకా ఎక్కువే రాశారు, కానీ ఆ కాగితం మీద ఉప్పల్ రోడ్డు లేదు. మా ఇంటి స్లాబులో యూనిట్‌కు తొమ్మిది రూపాయలు వేసుకున్నా, పోయి రావడానికి ఏడు రూపాయల లోపే. రోజుకు నలభై రెండు మిగులు. నెలకు వెయ్యి. అదే తరహా పెట్రోలు బండి కంటే నేను నలభై వేలు ఎక్కువ పెట్టాను, సబ్సిడీ పోనూ. అంటే మూడేళ్ల నాలుగు నెలలు తోలితే అసలు వస్తుంది. రోజూ పద్దెనిమిది కిలోమీటర్లు తిరిగేవాళ్ల లెక్క ఇది. కూరగాయలకు, గుడికి వెళ్లే మా పక్కింటావిడ అడిగితే మాత్రం వద్దనే చెప్పాను. ఆవిడకు అసలు రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది, బ్యాటరీ అంతకాలం ఉండదు.

లెక్కలో పట్టనివి రెండున్నాయి. మొదటిది ప్లగ్గు.

మాది 1998లో కట్టిన అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. కొత్త భవనాల్లో ఛార్జింగ్‌కు చోటు వదలాలని 2019లో నిబంధన వచ్చింది గానీ, మాలాంటి పాతవాటిలో సెల్లారులో ఉన్నది ఒక్క బల్బు, ఒక మోటారు. మొదటి వారం మూడో అంతస్తు నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు వేలాడదీశాను. రెండో అంతస్తువాళ్లు బట్టలారేస్తూ దాన్ని పక్కకు నెట్టారు. ఆ ఏడాది మంచి రోజులు కావు. ఏప్రిల్‌లోనే విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయారు. సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో ఒక లాడ్జిలో ఎనిమిది మంది పొగకు బలయ్యారు, కింద కరెంటు స్కూటర్ల షోరూము. మర్నాడు పొద్దున మా అసోసియేషన్ సెక్రటరీ గారు తలుపు తట్టారు. "అమ్మా, మీ బండి బయట పెట్టుకోండి." ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయన ఇంట్లోనూ పిల్లలున్నారు. ఆ తర్వాత కేంద్రం బ్యాటరీల పరీక్షలు బిగించింది, డిసెంబర్ నుంచి ఒక విడత, 2023 మార్చి నెలాఖరు నుంచి ఇంకో విడత. కానీ నా బండి జూలైది కదా.

మేము చేసిన పని చాలా మామూలుది. మా మీటర్లన్నీ సెల్లారులోనే ఒక బోర్డు మీద ఉంటాయి. నా మీటరు నుంచే తొమ్మిది మీటర్ల వైరు పైపులో లాగించి, గోడకు పదహారు ఆంప్స్ సాకెట్టు, దానికో ఎంసీబీ, తాళం ఉన్న డబ్బా పెట్టించాను. ఎలక్ట్రీషియన్ టెస్టర్ పెట్టి చూసి, అపార్ట్‌మెంట్‌కు ఎర్తింగ్ ఎప్పుడో చచ్చిపోయిందన్నాడు. గేటు పక్కన గొయ్యి తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి కొత్త ఎర్తింగ్ చేశాడు. ఎన్నేళ్లుగానో ముప్పై కుటుంబాల ఫ్రిజ్‌లూ గీజర్లూ ఎర్తింగ్ లేకుండానే నడుస్తున్నాయని నా స్కూటర్ వల్ల తెలిసింది. ఆ ఖర్చు అసోసియేషనే పెట్టుకుంది. బండిని గోడకు దూరంగా పెడతాను, తెల్లవారుజామున నాలుగున్నరకు లేచాక ప్లగ్గు పెడతాను, నిద్రపోతూ పెట్టను. సెక్రటరీ గారు మొన్న తన కొడుకు కోసం రెండో సాకెట్టు పెట్టించారు.

రెండోది రిపేరు, భాయ్ దగ్గర మొదలైనదే. 2023 జూలైలో రామంతాపూర్ దగ్గర మోకాలెత్తు నీళ్లు. నేను వాటి పక్కనుంచే వెళ్లాను, లోతులోకి పోలేదు. అయినా వంద గజాలు పోయాక తెర మీద ఎర్రగా ఏదో అక్షరమూ అంకే వచ్చి బండి ఆగిపోయింది. ఆగిన చోటి పక్కనే నా పాత చిరునామాల్లో ఒకటి, చెరువు దాటాక ఉన్న ఆ దుకాణం. ఇప్పుడు అక్కడ పాతాయన కొడుకు ఉన్నాడు. బండి వంక చూసి, నా వంక చూసి, స్టూలు వేశాడు. "కూర్చోండి మేడమ్, కంపెనీవాళ్లకు ఫోన్ చేయండి." చేశాను. మర్నాడు మధ్యాహ్నం లారీ ఎక్కించుకుని పోయారు. చిన్న కనెక్టరులోకి తడి వెళ్లిందట. పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ నేను ఉప్పల్ దాకా మెట్రోలోనూ, ఆటోలోనూ తిరిగాను. పుస్తకంలో ఆ ఖర్చు ఎర్ర సిరాతో ఉంది. లూనాకు ఇదే పని ఐదు నిమిషాలు, రెండు రూపాయలు. నలభై రెండు రూపాయల మిగులు లెక్కలో ఆ పదకొండు రోజులు ఎక్కడ వేయాలో, లెక్కల టీచర్నై ఉండీ నాకు తెలియలేదు.

అయినా బండి అమ్మలేదు. బ్రేకులూ టైర్లూ బేరింగులూ భాయే చూస్తాడు, అవి ఏ బండికైనా అవే. కిందటేడు ఒకరోజు వెళ్లేసరికి దుకాణంలో ఆయన చిన్న కొడుకు ఉన్నాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివి వచ్చి, మల్టీమీటర్ కొనుక్కున్నాడు. స్పానర్ల డబ్బా పక్కన ఎర్ర వైరు, నల్ల వైరు. గోడ మీద సుద్దతో బాకీల పట్టిక ఎప్పటిలాగే ఉంది, సగం ఉర్దూలో సగం అంకెల్లో. భాయ్ నన్ను చూసి స్టూలు జరిపాడు.

"టీచరమ్మా, వీడు కిలోవాట్ అవర్ కిలోవాట్ అవర్ అంటున్నడు. అదేందో జెర సమఝాయించు."

సుద్ద తీసుకుని బాకీల పక్కన ఖాళీ జాగాలో రాశాను. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె గంటసేపు పెడితే ఎంత కాలుతుందో అంత. మూడు కిలోవాట్ అవర్లంటే అలాంటివి మూడు.

భాయ్ కాసేపు చూశాడు. "అంటే మీటర్ల తిరిగే యూనిటే గదా?"

"అదే."

"మరి యూనిట్ అని చెప్పొచ్చు గదరా" అని కొడుకు వంక తిరిగాడు. కుర్రాడు అప్పటికే నా బండి సీటు ఎత్తి, కనెక్టరు మూత ఊడదీసి, రబ్బరు రింగు చిట్లిన చోట వేలితో తడుముతున్నాడు. "ఇదే మేడమ్, ఇక్కడ్నించే నీళ్లు పోతయ్" అన్నాడు. పాత ట్యూబు ముక్క కత్తిరించి, దానికి సరిపడా గుండ్రంగా చెక్కి, మూత చుట్టూ బిగించాడు.

"ఎంత?" అన్నాను.

తండ్రి వంక చూశాడు. భాయ్ గోడ మీద నా పేరు కింద ఒక గీత గీశాడు.